స్మర్క్‌ని తెలుగులో ఏమనాలి?

‘స్మర్క్ అంటే చిరునవ్వేనా? తెలుగులో ఎలా వాడాలి?’ అని అడిగారు. చిరునవ్వు కానే కాదండి. ఆ నవ్వు దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

డిగ్రీ చివరి ఏడాది వైవాలో ఎదురుగా ఇద్దరు ఎగ్జామినర్లు కూర్చున్నారు. అడిగినదానికి నేను తడుముకోకుండా జవాబు చెప్పాను. వాళ్లలో ఒకాయన తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. పక్కాయన వైపు ఒకసారి చూసి, నోరు తెరవకుండా ఎడమవైపు పెదవి మూల మాత్రం కాస్త పైకి లాగాడు. కళ్లలో నవ్వు లేదు. పెన్ను మూత టక్కున పెట్టి ‘ఊఁ, ఇంకేం?’ అన్నాడు. అంతే, నా గొంతు తడారిపోయింది. తర్వాతి రెండు ప్రశ్నలకు తెలిసిన జవాబులే నోట రాలేదు. ఆ రాత్రి పుస్తకం తీసి చూశాను. నేను చెప్పింది అక్షరాలా సరైనదే. తిట్టి ఉంటే వాదించేవాణ్ణి. నవ్వుకి ఏమని జవాబు చెప్తాం?

అందుకే అనువాదాల్లో దాన్ని ‘మందహాసం’ అని రాస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముసిముసి నవ్వు కూడా కాదు, అందులో సిగ్గో, దాచుకోలేని సంబరమో ఉంటుంది. వెకిలి నవ్వులో లేకితనం ఉంటుంది. స్మర్క్‌లో ‘నాకు తెలుసు, నీకు తెలీదు’ అన్న మిడిసిపాటు ఉండాలి. భరతుడి నాట్యశాస్త్రం నవ్వుల్ని 6 రకాలుగా విడదీసి, పళ్లు కనపడని స్మితాన్ని ఉత్తముల నవ్వుల్లో చేర్చింది. ఆ ఎగ్జామినర్ పళ్లూ కనపడలేదు! పళ్లు చూసి తేల్చే విషయం కాదిది. ఇంగ్లిష్‌లో కూడా స్మర్క్ అనే మాటకి మొదట్లో ఉత్త నవ్వు అనే అర్థమే ఉండేది, వెటకారం తర్వాత వచ్చి చేరింది.

నన్నడిగితే రాసేటప్పుడు ‘వంకర నవ్వు’ అనండి, మాట్లాడేటప్పుడు ‘అదో రకంగా నవ్వాడు’ అనండి. రెండోదే అసలు సిసలు తెలుగు. ‘నేను ఓడిపోగానే అదో రకంగా నవ్వాడు’ అంటే అది ఏ నవ్వో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకోటి. 2010లో యూనికోడ్‌లోకి వచ్చిన ఆ పక్కచూపుల స్మర్క్ ఎమోజీని ఇప్పుడు శుభాకాంక్షలకి కూడా పెట్టేస్తున్నారు. ఉద్యోగం వచ్చిందని చెప్పినవాళ్లకి దయచేసి అది పంపకండి. మా చెల్లెలికి ఎవరో పంపితే, ‘నేనేమన్నా తప్పుగా రాశానా అన్నయ్యా?’ అంటూ సాయంత్రం దాకా ఆ ఫోనే చూస్తూ కూర్చుంది.