బత్తాయి పాదుల్లో గెంతే తెల్లపురుగులు: ఆరు కాళ్లున్నా కీటకాలు కావు

ప్రశ్న: మా బత్తాయి పాదుల్లో పెంట వేశాం. డ్రిప్పు కింద తడిచోట కదిలిస్తే ఆవగింజకన్నా చిన్న తెల్లపురుగులు గెంతుతున్నాయి. లెన్సులో ఆరు కాళ్లు కనిపించాయి. ఆరు కాళ్లుంటే కీటకమేనని మా అబ్బాయి పుస్తకంలో ఉంది. దుకాణంలో పురుగుమందు గుళికలు వేయమన్నారు. కాయల తోలు మీద గరుకుగా పట్టే మంగు మచ్చలు కూడా వీటివల్లేనా సార్?
– ఒక రైతు, కనగల్ మండలం, నల్గొండ జిల్లా

జవాబు: గుళికలు కొనకండి. మీ వీడియో చూశాను. అవి స్ప్రింగ్‌టెయిల్స్, శాస్త్రంలో కొలెంబోలా అంటారు. చివికిన ఆకును, బూజును తిని పెంటను మట్టిలో కలిపే జీవులు. పుట్టగొడుగులు పెంచేవారికి ఇవి తలనొప్పే గానీ, మీ చెట్లకు వీటితో ఏ భయమూ లేదు.

ఒక తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి గుప్పెడు పెంట వేయండి. అవి పైకి తేలతాయి, మునగవు. గడ్డిపరకతో తాకితే ఎగిరిపడతాయి. పొట్ట కింద పంగలకర్రలాంటి తోక మడిచి, చిన్న కొక్కేనికి తగిలించి ఉంటుంది. కొక్కెం విడవగానే తోక నేలను తన్ని పురుగును పైకి లేపుతుంది. ఏ కీటకానికీ ఇలాంటి తోక లేదు.

ఆరు కాళ్లవన్నీ హెక్సాపోడా అనే పెద్ద గుంపు. అందులో కీటకాలు ఒక విభాగం, కొలెంబోలా ఇంకొకటి. మీసాలే లేని ప్రొట్యూరా, రెండు తోకల డిప్లూరా కూడా ఆ గుంపువే. మిడతను పట్టుకుని చూడండి, దవడలు బయటికే కనిపిస్తాయి. మీ పెంటలోని వాటికి నోటి భాగాలు తల లోపల దాగి ఉంటాయి. పొట్టకు ఆరే కణుపులు, రెక్కలు ఎప్పటికీ రావు. అంటే కీటకాలకు దాయాదులే గానీ కీటకాలు కావు. మీ సందేహం చిన్నదేమీ కాదు. 1758లో, జీవులను వర్గీకరించి పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కూడా రెక్కల్లేవని వీటిని పేలు, సాలెపురుగులు, పీతలతో కలిపి ఒకే గుంపులో పెట్టాడు.

ఇక మంగు. అది నల్లి (మైట్) పని. మంచాల్లో ఉండే నల్లి కాదు, ఈ నల్లి సాలెపురుగుల వైపు చుట్టం. మామూలు నల్లులకు ఎనిమిది కాళ్లు, ఈ మంగునల్లికి నాలుగే. కంటికి ఆనదు. కీటకాలకని అమ్మే మందులు చాలావరకు దీని మీద పనిచేయవు. ఎందుకు చెబుతున్నానంటే, ఏ జాతిదో తెలియక కొట్టిన మందుతో డబ్బు పోతుంది, నల్లిని తినే మంచి పురుగులూ చస్తాయి. నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి పిందెలు, ఆకుల అడుగు తడిసేలా చల్లపూట కొట్టండి. ఎండ మండే రోజుల్లో వద్దు, ఆకు మాడుతుంది. ఇప్పటికే మంగు పట్టిన కాయ మళ్లీ నునుపు కాదు, మందు కొత్త పిందెల కోసమే.

మీ వీడియోలో ఒక పాదులో మాత్రం తడి మరీ ఎక్కువగా కనిపిస్తోంది. అక్కడ రెండు పీచువేళ్లు తవ్వి గోటితో గీరండి. పైతోలు ఊడి వస్తే వేరుకుళ్లు అయి ఉండొచ్చు, డ్రిప్పు తగ్గించి ఆ వేళ్ల ఫొటో పంపండి.