విజయనగరం గురించి రాస్తానన్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. మొదటి రెండు పేజీలూ తీసెయ్యి. కోపం తెచ్చుకోకు, ఎందుకో చెప్తాను. ‘విద్యలనగరం’, ‘కళలకు కాణాచి’, ‘సాంస్కృతిక రాజధాని’ అన్నావు. మన ఊరికి తగిన మాటలే, వింటే నాకూ ఛాతీ ఉప్పొంగుతుంది. కానీ అవి ప్రతి సన్మాన సభ ఆహ్వానపత్రంలోనూ ఉంటాయి కదా. 1713లో కోట, 1919లో సంగీత కళాశాల, తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు, ఇలా వరసపెట్టి చెప్పుకుంటూ పోయావు. అన్నీ నిజాలే. అయినా చదువుతుంటే ఊరు కనబడలేదు. పెద్దలు ఒకరి వెనక ఒకరు వేదికెక్కి దండ వేయించుకుని దిగిపోతున్నట్టు ఉంది.

నాకు కావలసింది ఆ పెద్దల చుట్టూ ఉన్న జనం. ఘంటసాల మన కాలేజీలో చదువుకుంటూ జోలె పట్టి మధూకరం ఎత్తుకున్నాడని నువ్వూ రాశావు. అందరూ ఆ వాక్యం రాసి, అయ్యో అనుకుని, అక్కడే ఆగిపోతారు. నువ్వు ఒకసారి గుమ్మం లోపలికెళ్లి నిలబడి చూడు. పొద్దున్నే వండిన అన్నంలోంచి ఓ ముద్ద తీసి పక్కన పెట్టిన ఆ ఇల్లాలికి, వచ్చినవాడు రేపు ఘంటసాల అవుతాడని తెలియదు. ఎవరో పరాయి ఊరి కుర్రాడు, పాట నేర్చుకోవడానికి వచ్చాడట, అంతే. కాలేజీ సెలవుల్లో వచ్చి దిక్కుతోచక నిలబడ్డ ఆ కుర్రాణ్ణి పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో పెట్టుకుని పాఠం చెప్పారు. ఆయన పేరైనా కొందరికి తెలుసు. ముద్ద పెట్టిన ఇళ్ల పేర్లు ఎవరు రాశారు? పేర్లు దొరకలేదు కదా అని నువ్వు కల్పించకు, కథైతే నీ ఇష్టం గానీ వ్యాసంలో ఆ పని చెయ్యొద్దు. చదువుకునే పిల్లలకి వారాలిచ్చిన ఇళ్ల సంగతులు చెప్పగలిగే ముసలివాళ్లు ఇంకా దొరుకుతారు, వెతుక్కుని అడుగు. అడిగింది అడిగినట్టు, వాళ్ల యాసలోనే రాసుకో, ‘ఏటి బావూ’ అన్నదాన్ని ‘ఏమండీ’ అని దిద్దకు.

గురజాడ గారి మీద పేజీడు పొగడ్త రాశావు. దాని బదులు కన్యాశుల్కానికి ఆయన రాసుకున్న ఇంగ్లీషు పీఠిక చదువు. మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క ఆనందగజపతి మహారాజు తీయించారు. చాలామంది తండ్రులు మేం పుచ్చుకోలేదని బుకాయించినా మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు తేలాయి, సగటున ఏడాదికి 344. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్ల! ఇంకా అడుగులు కూడా సరిగ్గా పడని పసిగుడ్డు. 1892లో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు ఆ నాటకం ఆడితే ఊరు ఊరంతా నవ్వుకుంది, ఆ నవ్వు వెనకాల ఈ లెక్క ఉంది. పైగా నాటకం మొదలయ్యేది ఎక్కడో కాదు, మన బొంకులదిబ్బలోనే. ఊరి పేరూ వీధి పేరూ పెట్టి మరీ ఊరి సిగ్గుని బయటపెట్టిన మనిషిని నువ్వు ‘మహాకవి’ అని ఒక్క మాటలో ముగిస్తే నాకు బాధగా ఉంది.

బొబ్బిలి యుద్ధం సంగతి ఇంకొంచెం జాగ్రత్త. 1757 జనవరి 24న యుద్ధం జరగడం చరిత్ర. అన్న, అంటే మన రాజు విజయరామరాజు, పోయాడని విని చెల్లెలు పైడిమాంబ, అదే మన పైడితల్లి అమ్మవారు, పెద్దచెరువులో ప్రాణం విడిచిందన్నది మనవాళ్ల నమ్మకం. రెండూ రాయి, రెండోదాని దగ్గర ‘అంటారు’ అన్న మాట మాత్రం వదిలిపెట్టకు. బొబ్బిలి వాళ్లు ఆ యుద్ధాన్ని ఎలా చెప్పుకుంటారో కూడా వెళ్లి విను, ఇప్పుడు అందరం ఒకే జిల్లా.

ఇక మూడో పేజీలో మీ నాయనమ్మ గురించి రాసిన ఆ నాలుగు వాక్యాలు. తమ్ముడూ, నీ వ్యాసం అక్కడుంది! పైడితల్లి జాతరలో పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల అన్నీ ముందు నడుస్తుంటే వెనకాల పూజారిని చివర కూర్చోబెట్టిన పొడవాటి మాను, సిరిమాను, మూడు లాంతర్ల కూడలి నుంచి కోట వైపు కదులుతుంది, జనమంతా తలెత్తి పైన కూర్చున్న పూజారిని చూస్తూ అరటిపళ్లు విసురుతుంటారు, ఆ పళ్లు అమ్మిన మీ నాయనమ్మ మాత్రం తల వంచుకుని ఒళ్లో చిల్లర లెక్కపెట్టుకుంటోంది. ఎన్నేళ్లు అమ్మిందో గానీ సిరిమాను పూర్తిగా ఎప్పుడూ చూడలేదన్నావు. దీన్ని నాలుగు వాక్యాల్లో ఎలా వదిలేశావు? గెల ఎక్కణ్నుంచి తెచ్చేది, ఎంతకి కొని ఎంతకి అమ్మేది, మిగిలిపోయిన పళ్లు ఏం చేసేది, పక్కన కూర్చునే ఆవిడతో జాగా కోసం తగువు పడేదా? ఇంట్లో వాళ్లని అడుగు. అమ్మవారు పూజారి కలలోకి వచ్చి చెట్టు చూపిస్తుందంటారు, ఆ చింతమానుని నరికి, ఊళ్లోకి లాక్కొచ్చి, చెక్కి సిద్ధం చేసే మనుషుల దగ్గర కూడా కాసేపు కూర్చో.

సిరిమాను తిరిగే మంగళవారం మాత్రం ఎవర్నీ పలకరించకు, ఆ రద్దీలో ఎవరికీ తీరిక ఉండదు, నీకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ముందురోజు తొలేళ్ల ఉత్సవానికి రాత్రంతా తిరుగు. మళ్లీ బుధవారం పొద్దున్నే మూడు లాంతర్ల దగ్గరికి వెళ్లు. సామాను సర్దుకుంటున్నవాళ్లు అప్పుడు బాగా మాట్లాడతారు. రాసింది నాకు పంపు, దిద్దకుండానే పంపు.

ప్రేమతో,
మీ అన్నయ్య