ఎన్నారై సందేహాలు: ఒక బంగాళాదుంప జోకు, పద్నాలుగు నెలల మౌనం

గాజువాక నుంచి ఒక అబ్బాయి రాశాడు. ఐర్లండ్‌లోని కార్క్‌లో ఉద్యోగం వచ్చిందట, వచ్చే నెలలో ప్రయాణం. "అంకుల్ గారూ, అక్కడివాళ్ళు పొద్దస్తమానం జోకులు వేసుకుంటారని విన్నాను. కాలేజీలో నేను అందరినీ నవ్వించేవాణ్ణి. అక్కడ కూడా అలాగే కలిసిపోవచ్చా? ఏ జోకులు వేయకూడదు? వాళ్ళు మన దేశం మీద వేస్తే నవ్వాలా, ఊరుకోవాలా? అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డుకు, అదే ఐఆర్‌పీ కార్డుకు, ఎన్నాళ్ళు పడుతుంది? అద్దె ఇల్లు దొరుకుతుందా?" అని అడిగాడు.

బాబూ, చివరి రెండు ప్రశ్నలు ముందే తేల్చేస్తాను. కార్డు సంగతి అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంటుంది, చదువుకో. ఇల్లు దొరకడం కష్టం, అయినా దొరుకుతుంది. మాకు దొరకలేదా? పనిచేసే చోట జాతి మీద, మతం మీద వేసే జోకు వేధింపు కిందికి వస్తుందని వాళ్ళ ఉద్యోగ సమానత్వ చట్టం చెబుతుంది. చేరిన రోజున ఆ కాగితం నీ చేత సంతకం చేయిస్తారు. నేనూ చేశాను, చదవకుండా.

నన్ను భయపెట్టింది నీ ఉత్తరంలో "నవ్వించేవాణ్ణి" అన్న మాట. సెలవుకు వచ్చి పెదవాల్తేరులో మా పాత ఇంటి అరుగు మీద కూర్చుని నీ ఉత్తరం చదువుతుంటే, 2007లో సూట్‌కేసు సర్దుకుంటున్న నేనే కనిపించాను.

అప్పటికి నేను విశాఖలోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో కొన్నేళ్ళు చేసి ఉన్నాను. పని వచ్చు, ఇంగ్లీషు వచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా హాస్యం వచ్చు అని నా నమ్మకం. సెప్టెంబరులో కార్క్‌లో దిగాను. చేరిన రెండో వారమే టీ విరామంలో ఒక సర్దార్జీ జోకు చెప్పాను. అందరూ నవ్వారు. ఒకాయన మాత్రం నవ్వుతూనే, "ఇది మాకు తెలిసినదే. ఇంగ్లండ్‌లో సర్దార్జీ స్థానంలో మమ్మల్ని పెట్టి చెబుతారు" అన్నాడు. నిజమే. తెలివితక్కువ ఐరిష్‌వాడి మీద ఇంగ్లండ్‌లో తరతరాలుగా చెప్పుకున్న జోకులూ మనం సర్దార్జీల మీద చెప్పుకునే జోకులూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఆ మాటలోని చురక నాకు తగలాలి కదా? తగల్లేదు. నన్ను తమలో కలుపుకున్నారని పొంగిపోయాను.

ఆ ధైర్యంతోనే అక్టోబరులో అసలు ఘనకార్యం చేశాను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఒకే పళ్ళెంలో బంగాళాదుంప మూడు రకాలుగా వచ్చింది: మెత్తగా మెదిపినది, కాల్చినది, వేయించినది. పక్కన ఇంత మాంసం. బల్ల చుట్టూ ఎనిమిది మంది ఉన్నారు. నేను పళ్ళెం చూపించి, "ఒక్క ఏడాది ఈ పంట పోయిందంటే మీ దేశమంతా ఆకలితో చచ్చిపోతుంది కాబోలు!" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నా ఉచ్చారణ అర్థం కాలేదేమో అనుకున్నాను. అందుకని ఇంకొంచెం గట్టిగా, చేతులు తిప్పుతూ, మళ్ళీ చెప్పాను.

ఎవరూ కోప్పడలేదు. అదే అసలు ప్రమాదం, బాబూ. మన దగ్గరైతే ఒకడు లేచి చొక్కా పట్టుకుంటాడు, ఇంకొకడు విడదీస్తాడు, సాయంత్రానికి బీచ్ రోడ్డులో ముంత మసాలా తింటూ రాజీ పడతారు. అక్కడ ఒకావిడ "ఇవాళ వాన తగ్గేలా లేదు" అంది. అందరూ వాన గురించి మాట్లాడుకుని లేచిపోయారు. ఆ శుక్రవారం పబ్బుకు వెళ్ళేటప్పుడు నన్ను పిలవలేదు. మరుసటి శుక్రవారమూ పిలవలేదు. పొద్దున్నే పలకరింపు ఉండేది, పనిలో సాయం ఉండేది. అంతకు మించి ఏమీ ఉండేది కాదు.

నాకు తెలియనిది ఇది. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. బీదవాళ్ళకు అదే అన్నం, అదే కూర. 1852 దాకా సాగిన కరువులో దాదాపు పది లక్షల మంది ఆకలికీ, దాని వెంట వచ్చిన జ్వరాలకూ చనిపోయారు. ఇంకో పది లక్షల మందికి పైగా ఓడలెక్కి వెళ్ళిపోయారు. అదే సమయంలో అక్కడి రేవుల నుంచి ధాన్యం, పశువులు ఇంగ్లండ్‌కు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. 1841 లెక్కల్లో ఆ దీవి జనాభా దాదాపు 82 లక్షలు. ఇప్పటికీ ఆ సంఖ్యను మళ్ళీ చేరుకోలేదు. నేను జోకు వేసిన బల్ల దగ్గర కూర్చున్న ఎనిమిది మందీ ఆ కరువులో ఎలాగో చావకుండా మిగిలినవాళ్ళ సంతానం.

మనకు ఇలాంటిది లేదా? 1832-33లో గుంటూరు సీమలో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. మా నాయనమ్మ బాపట్ల వైపు మనిషి. పళ్ళెం ముందు ఆబగా కూర్చుంటే "డొక్కల కరువులో పుట్టావట్రా" అనేది. మేము నవ్వేవాళ్ళం. అదే మాట ఎవడో కార్క్ నుంచి వచ్చి మా నాయనమ్మ ఎదుట అని ఉంటే ఆవిడ వాడికి పెరుగన్నం వడ్డించేది కాదు.

ఇక ఆ పద్నాలుగు నెలల సంగతి. డబ్బు గురించి అందరూ చెబుతారు, ఒంటరితనం గురించి ఎవరూ చెప్పరు. కాబట్టి నేను చెబుతాను, విను. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నర కాకుండానే పొద్దు గుంకుతుంది. శనివారం పప్పు వండితే ఆదివారం రాత్రి దాకా అదే. మా ఊళ్ళో నేను ఇంటి నుంచి చినవాల్తేరు దాకా నడిస్తే పదిమంది ఆపి మాట్లాడేవారు. అక్కడ బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పడం ఆనవాయితీ, ఆయన తల ఊపుతాడు. కొన్ని వారాంతాల్లో నేను మనిషితో ఆడిన మాట అదొక్కటే. ఆ మాట కోసం అవసరం లేకపోయినా బస్సెక్కిన రోజులున్నాయి. ఐదు యూరోల ఫోను కార్డు గీకి అమ్మకు ఫోను చేసి "స్నేహితులతో సినిమాకు వెళ్ళాను" అని అబద్ధం చెప్పేవాణ్ణి. ఏ సినిమా అని అడిగేది. అమ్మలు అడగకుండా ఉంటారా?

తప్పు చేశానని అప్పటికి తెలిసింది, పుస్తకాలు చదువుకున్నాను. క్షమాపణ మాత్రం చెప్పలేదు. రోజులు గడిస్తే వాళ్ళే మరిచిపోతారనుకున్నాను. మరునాడు పొద్దున్నే "నిన్న నేను తెలివితక్కువగా మాట్లాడాను" అని ఒక్క మాట అని ఉంటే, ఆ పద్నాలుగు నెలల్లో పదమూడు మిగిలేవి.

2008 డిసెంబరులో మా ల్యాబులో ఒకతని తల్లి పోయింది. ఆ దేశంలో ముఖపరిచయం ఉన్నవాళ్ళు కూడా చావింటికి వెళ్ళి, వరుసలో నిలబడి, ఇంటివాళ్ళ చేయి పట్టుకుని "మీ కష్టానికి బాధగా ఉంది" అని చెప్పి వస్తారు. పిలుపు ఉండదు, అక్కర్లేదు. నేనూ వెళ్ళాను. అక్కడ చూస్తే శవం పక్క గదిలో ఉంది, వంటింట్లో టీలు, శాండ్‌విచ్‌లు నడుస్తున్నాయి. పోయినావిడ పిసినారితనం మీద కొడుకులే జోకులు చెప్పుకుని పడీ పడీ నవ్వుతున్నారు. నేను కప్పు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. మా సూపర్‌వైజరు, అరవై ఏళ్ళావిడ, పక్కకు వచ్చి నన్ను పైకీ కిందకీ చూసి అడిగింది: "ఈసారి జోకేమీ లేదా?"

ఆవిడ సొంత ఊరు స్కిబ్బరీన్. జనవరిలో ఒక శనివారం తన కారులోనే తీసుకెళ్ళింది. ఊరి బయట అబ్బేస్ట్రూరీ శ్మశానంలో పచ్చగడ్డి పరిచిన జాగా ఒకటుంది. ఆ గడ్డి కింద కరువులో పోయినవాళ్ళు 8,000 నుంచి 10,000 మంది ఉంటారని అంచనా. పెట్టెలు లేవు, పేర్లు లేవు. అక్కడే ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. ఆ కరువు సహాయం పెత్తనమంతా లండన్‌లో ఛార్లెస్ ట్రెవెల్యన్ అనే అధికారి చేతిలో ఉండేదట. సహాయం ఎక్కువ చేస్తే జనం దానికే అలవాటు పడతారని చేయి బిగించిన మనిషి. "ఆయన తర్వాత మీ వైపే వచ్చాడు" అంది. చూస్తే నిజమే. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మన విశాఖపట్నం అప్పుడు ఆ మద్రాసు ఏలుబడిలోనే ఉంది. అది మాకు బళ్ళో చెప్పలేదు. ఆవిడకు మాత్రం తెలుసు.

జూన్ 23న అహకిస్టా అనే సముద్రతీరపు ఊరికి తీసుకెళ్ళింది. 1985లో అదే తేదీన ఎయిరిండియా కనిష్క విమానం బాంబు పేలి ఆ తీరానికి దూరంగా సముద్రంలో కూలింది. 329 మంది పోయారు, ఎక్కువమంది భారత సంతతి కెనడావాళ్ళు. దొరికిన 131 శవాలను కార్క్‌కే తెచ్చారు. ఆ చిన్న ఊళ్ళో సముద్రం ఒడ్డున సూర్యగడియారంతో ఒక స్మారకం కట్టి, ఏటా ఆ రోజు జనం వచ్చి నిలబడతారు. అక్కడ పేర్లు చదువుతుంటే సింగులు, కౌర్లు కనిపించారు. నా సర్దార్జీ జోకు గుర్తొచ్చింది. ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

ఇక నీ ప్రశ్న. అక్కడ స్నేహితులు ఒకరినొకరు ఆటపట్టించుకోవడాన్ని స్లాగింగ్ అంటారు. నిన్ను ఏడిపిస్తున్నారంటే నువ్వు వాళ్ళకు దగ్గరవుతున్నావని లెక్క. మర్యాదగా మాట్లాడుతున్నారంటే అప్పుడు కంగారు పడు. తిరిగి ఏడిపించవచ్చు, కానీ ఆ మనిషి బూట్లనో, హర్లింగ్ ఆటలో ఆ జిల్లా జట్టు ఓటమినో పట్టుకో. కరువు జోలికి, బాంబుల జోలికి పోకు. ఉత్తర ఐర్లండ్ గొడవల్లో ముప్ఫై ఏళ్ళలో సుమారు 3,500 మంది పోయారు. 1974 మే 17న డబ్లిన్, మొనహన్‌లలో కారు బాంబులకు 33 మంది పోయారు. 1998లో, సరిగ్గా మన ఆగస్టు 15న, ఒమాలో 29 మంది. అమెరికాలో ఒక మద్యం కలయికకు ఐరిష్ కారు బాంబు అని పేరు పెట్టుకున్నారు. అక్కడి నుంచి వచ్చిన మా బావమరిది కార్క్ పబ్బులో గొప్పగా ఆ పేరు చెప్పి అడిగితే కౌంటరు వెనకతను వినపడనట్టు నటించాడు. నేను మంచినీళ్ళు తెప్పించి పక్కకు లాక్కుపోయాను.

మన మీద వేస్తే? మా ఊళ్ళో పాములు తిరుగుతాయా అని ఒకతను అడిగాడు. ఆ దేశంలో పాములుండవు, సెయింట్ పాట్రిక్ తరిమేశాడని కథ. "మీ పాట్రిక్ గారు తరిమినవన్నీ మా సింహాచలం కొండకే వచ్చాయి, ఇప్పటికీ మీ భాషలోనే బుస కొడతాయి" అన్నాను. ఆ జోకు ఇంకా అక్కడ నడుస్తోంది, నా పేరు చెప్పి. ఈ మాత్రం సాధించడానికి నాకు మూడేళ్ళు పట్టింది, నీకు ఇప్పుడు ఊరికే చెబుతున్నాను.

ఒకటి దాచాను, చెప్పేస్తాను. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖ వెంకటాపురంలో స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది పోయారు. గోపాలపట్నంలో ఉండే మా పెద్దమ్మ కూతురు పిల్లల్ని ఎత్తుకుని చీకట్లో సింహాచలం వైపు పరుగెత్తింది. ఆమె ఫోను తీయక నేను కార్క్‌లో గదిలో తిరుగుతుంటే, మా తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో ఒక బొమ్మ వచ్చింది. రోడ్డు మీద పడిపోతున్న మనుషులు, కింద "లాక్‌డౌన్ తర్వాత మద్యం దుకాణాలు తెరిచారు" అని రాత. పంపినది ఐరిష్‌వాడు కాదు, మన తెలుగువాడే, నాకు బాగా తెలిసినవాడు. నేను ఒక్క మాట అనలేదు. "అక్కడ వాన పడుతోందా?" అని రాశాను. తర్వాత వచ్చిన ఉగాదికి అతన్ని పిలవలేదు. ఆ పై ఉగాదికీ పిలవలేదు. అతను ఎందుకని అడగలేదు, నేను చెప్పలేదు.

నువ్వు వెళ్ళేటప్పుడు మాడుగుల హల్వా రెండు కిలోలు పట్టుకెళ్ళు. పచ్చళ్ళు పెట్టెనిండా నింపకు, వాసనకు భయపడతారు. మొదటి సోమవారం టీ విరామంలో హల్వా బల్ల మీద పెట్టి మూత తీసి ఊరుకో. ఇదేమిటని వాళ్ళే అడుగుతారు. గోధుమపాలు ఎలా తీస్తారో, నెయ్యి ఎంత పోస్తారో నెమ్మదిగా చెప్పు, తొందరపడకు, పది నిమిషాలు మాట్లాడవచ్చు. శుక్రవారం ఎవరూ పిలవకపోతే నాకు ఫోను చెయ్యి. సెలవు ముగించుకుని నేనూ అప్పటికి కార్క్ చేరుకుంటాను.