బ్రేక్ లైటు మార్చాక క్రూజ్ పట్టడం లేదా?

ప్రశ్న: సార్, నా టూరింగ్ బైక్‌కు బయట కొన్న వ్యాక్యూమ్ క్రూజ్ కంట్రోల్ (ఇంజిన్ పీల్పు శక్తితో యాక్సిలరేటర్‌ను పట్టి ఉంచి, ఒకే స్పీడు నిలబెట్టే పరికరం) బిగించాను. అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు హైవే మీద బాగానే పట్టేది, ఎత్తులో మాత్రం స్పీడు జారేది. వెనక ఎల్‌ఈడీ బ్రేక్ లైటు వేయించాక సెట్ నొక్కినా అసలు పట్టడం లేదు. యూనిట్ పోయిందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పోలేదనే అనుకుంటున్నాను, తొందరపడి కొత్తది కొనకండి. ఇలాంటి చాలా కిట్లలో బ్రేక్ నొక్కనప్పుడు యూనిట్‌కు ఎర్త్ అందేది పాత బల్బు ఫిలమెంటు గుండానే, ఎల్‌ఈడీలో ఆ దారి ఉండదు కాబట్టి బ్రేక్ వైరింగ్‌లో ఏదో తేడా ఉందనుకుని అది సెట్ కాదు. ముందు పాత బల్బు పెట్టి చూడండి. పట్టిందా, దొంగ దొరికినట్టే. అప్పుడు మంచి ఆటో ఎలక్ట్రీషియన్ చేత ఐదు కాళ్ల రిలే (కరెంటుతో దానంతటదే మారే చిన్న స్విచ్చు) వేయించండి, బ్రేక్ వదిలి ఉంటే ఎర్త్, నొక్కితే 12 వోల్టులు యూనిట్‌కు చేరాలి. ముందు బ్రేకుకూ వెనక బ్రేకుకూ విడివిడిగా క్రూజ్ వదులుతుందో లేదో తప్పకుండా చూసుకోండి, ఇందులో రాజీ వద్దు.

ఎత్తులో జారడం వేరే సంగతి. త్రాటిల్ (యాక్సిలరేటర్ తిప్పితే తెరుచుకునే ఇంజిన్ గాలి దారి) బాగా తెరుచుకుంటే ఇంజిన్‌లో వ్యాక్యూమ్ తగ్గి, త్రాటిల్‌ను తెరిచే క్రూజ్ కేబుల్‌ను లాగే శక్తి చాలదు. చెక్ వాల్వు (గాలిని ఒకే వైపు పోనిచ్చేది), వ్యాక్యూమ్ నిల్వ ఉండే చిన్న డబ్బా ఉన్నాయా? ఉంటే రబ్బరు గొట్టాలు చూడండి, మన సీమ ఎండలకు అవి బిరుసెక్కి పగులుతాయి.

క్రూజ్ కేబుల్ కూడా మరీ బిగువుగా ఉండకూడదు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, త్రాటిల్ వదలగానే దానంతటదే మూసుకుంటేనే రోడ్డెక్కండి.