'రేపటికల్లా పూర్తి చేసి ఉంటాను' అనొచ్చా?

సందేహం: ఇంగ్లిష్ ఫ్యూచర్ పర్ఫెక్ట్‌ని, అంటే 'ఐ విల్ హావ్ ఫినిష్డ్' లాంటిదాన్ని, 'నేను పూర్తి చేసి ఉంటాను' అని రాస్తున్నాం. చదువుతుంటే ఏదో ఊహించి చెప్తున్నట్టుంది. ఇది తప్పా?

సమాధానం: తప్పు కాదండీ, కానీ మీ చెవికి అనిపించింది కూడా నిజమే. తెలుగులో 'చేసి ఉంటాడు' అనగానే ముందు తోచేది ఊహే. 'వాడు ఈపాటికి ఇల్లు చేరే ఉంటాడు' అంటాం, అది జరగబోయేది కాదు, జరిగిపోయుంటుందని మన అంచనా. తమాషా ఏంటంటే ఇంగ్లిష్‌లోనూ 'హి విల్ హావ్ రీచ్డ్ బై నౌ' అంటే సరిగ్గా ఇదే అర్థం, అక్కడ 'విల్' ఉంది కదా అని ఫ్యూచర్ అనుకోకూడదు.

అసలు ఇబ్బంది 'నేను' దగ్గరొస్తుంది. 'నీకు చెప్పే ఉంటాను' అంటే గుర్తులేదుగానీ చెప్పానేమో అని, అందుకే 'రేపటికల్లా పూర్తి చేసి ఉంటాను' అంటే మాటిస్తున్నట్టు ఉండదు, తన పని గురించి తనే ఊహిస్తున్నట్టు ఉంటుంది. మనం మామూలుగా ఏమంటాం? 'రేపటికల్లా పూర్తి చేసేస్తాను' అంటాం. అవతలివాళ్ల కోసం సిద్ధం చేసే పనైతే 'మీరొచ్చేసరికి రాసి ఉంచుతాను', 'రాసి పెడతాను' అంటాం, నాకైతే ఈ 'ఉంచుతాను'లోనే పర్ఫెక్ట్ అర్థం అచ్చంగా కనిపిస్తుంది, ఎందుకంటే పని అయిపోవడమూ ఉంది, దాని ఫలితం ఆ టైముకి అక్కడ ఉండటమూ ఉంది. మన చేతిలో లేనివాటికి మాత్రం 'ఉంటుంది' హాయిగా సరిపోతుంది, 'మనం వెళ్లేసరికి సినిమా మొదలైపోయి ఉంటుంది' అన్నట్టు.

ఎంతకాలమో చెప్పాల్సినప్పుడు ఇంకో దారి ఉంది. 'బై జూన్ ఐ విల్ హావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్' అనేదాన్ని 'పదేళ్లు పని చేసి ఉంటాను' అని రాస్తే ప్రాణం లేదు. 'జూన్ వస్తే నేనిక్కడ పనిచేయబట్టి పదేళ్లవుతుంది' అనండి, లేదా 'జూన్‌కి పదేళ్లు నిండుతాయి' అనండి, ఎంత బాగుందో చూడండి.

'నాట్' వచ్చినా అంతే. 'రేపటికి పూర్తి చేసి ఉండను' అని ఎవరూ అనరు, 'రేపటికి పూర్తవదు' అంటారు. ఊహకైతే 'వాడింకా చేరి ఉండడు' చక్కగా నప్పుతుంది.

ఇటునుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు ఒక పొరపాటు చాలామంది చేస్తారు, 'బై ద టైమ్ యు విల్ కమ్' అని రాస్తారు. అక్కడ 'విల్' రాదు, 'బై ద టైమ్ యు కమ్' అనాలి. మన 'వచ్చేసరికి'లోనూ కాలం లేదు కదా, 'నువ్వొచ్చేసరికి వెళ్లిపోయాడు', 'నువ్వొచ్చేసరికి వెళ్లిపోయి ఉంటాడు' రెండిట్లోనూ అదే మాట, కాలం చివరి క్రియలోనే తేలుతుంది.