నాటకం చూసి ఎవరైనా మారతారా?

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. అక్కడికి వలస వచ్చినవాళ్ళతో కలిసి జాతి వివక్ష మీద నాటకాలు వేస్తున్నాడట. ఒక నాటకంలో, ట్రామ్‌లో ఒకడు విదేశీ అమ్మాయిని తిడుతుంటే మిగతావాళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు. చూసేవాళ్ళు మధ్యలో లేచి నటించొచ్చట! దీనివల్ల ఎవరైనా మారతారా? చదువు పాడవుతుందేమోనని నాకు టెన్షన్.
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, తిట్టేవాడు మారతాడని నేను చెప్పను. అసలు వాడు ఆ నాటకానికి రానే రాడు. అది కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాళ్ళ కోసం వేసే నాటకం.

దాన్ని ఫోరమ్ థియేటర్ అంటారు. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ తీర్చిదిద్దిన పద్ధతి. అక్కడి సైనిక ప్రభుత్వం 1971లో ఆయన్ని అరెస్టు చేసి చిత్రహింసలు పెట్టింది. దేశం విడిచిన ఆయన తర్వాత పారిస్‌లో ఉండి యూరప్ వాళ్ళకి ఇది నేర్పారు. కథ ఒకసారి పూర్తిగా ఆడతారు, అన్యాయమే గెలుస్తుంది. రెండోసారి ఆడుతున్నప్పుడు ప్రేక్షకుల్లో ఎవరైనా "ఆపండి" అని లేచి ఒక పాత్రలోకి వెళ్ళొచ్చు. ఒకరు ఆ అమ్మాయి పక్కన కూర్చుని మాట కలుపుతారు. ఇంకొకరు డ్రైవర్ని పిలుస్తారు. తిట్టే పాత్రధారి తేలిగ్గా లొంగడు. ఏ మాట పనిచేస్తుందో, ఏది గొడవ పెంచుతుందో అక్కడే తేలిపోతుంది. వీధి నాటకాలు ఆడినదాన్ని కాబట్టి చెబుతున్నా, నలుగురిలో నోరు పెగలాలంటే అలవాటు కావాలి.

బాధపడినవాళ్ళకి నాటకం ఇంకా అవసరం. 1976 జూన్‌లో లండన్ సౌతాల్‌లో గుర్‌దీప్ సింగ్ చగ్గర్ అనే 18 ఏళ్ళ కుర్రాణ్ణి పొడిచి చంపారు. జాతి ద్వేషమే కారణమంటూ అక్కడి ఆసియా యువకులు వీధుల్లోకి వచ్చారు. ఆ కోపంలోంచే మరుసటి ఏడాది జతీందర్ వర్మ, ఆయన మిత్రులు తారా ఆర్ట్స్ అనే నాటక బృందాన్ని స్థాపించారు. మొదటి నాటకంగా ఏం వేశారో తెలుసా? గుడిలో బలిని ఎదిరించే ఠాగూర్ నాటకం. పగ రగిలే వేళ రక్తం వద్దనే కథను ఎంచుకున్న ఆ కుర్రాళ్ళంటే నాకెంత గౌరవమో! 1990లో అదే వర్మ బ్రిటన్ నేషనల్ థియేటర్‌లో ఆసియా నటులతో ఫ్రెంచ్ నాటకకర్త మోలియేర్ నాటకానికి దర్శకత్వం వహించారు.

శరణార్థుల కష్టాన్ని వాళ్ళు లేకుండానే ఆడేసి చప్పట్లు కొట్టించుకునే బృందాలు మాత్రం నాకు గిట్టవు. కాబట్టి మీ అబ్బాయిని ఒకటి అడగండి: ఆ అమ్మాయి పాత్ర ఎవరు వేస్తున్నారు, కథ ఎవరు చెప్పారు? వలస వచ్చినవాళ్ళే అయితే నిశ్చింతగా ఉండండి. పరీక్షల ముందు రిహార్సల్స్ ఆపమనండి, నాటకం మానమని మాత్రం అనకండి.