భావోద్వేగం ఎవరిది?

సందేహం: కళాశాలలో వ్యాసరచన బోధిస్తూ, ఒప్పించే రచనల్లో పాథోస్ (చదివేవారి మనసును కదిలించి ఒప్పించడం) గురించి పరిశోధన చేస్తున్నాను. పాథోస్‌కు కరుణ, ఆవేశం, ఉద్వేగం, భావోద్వేగం అని నాలుగు మాటలు కనిపిస్తున్నాయి. ఏది వాడాలి? విద్యార్థులు ‘ఈ వ్యాసం భావోద్వేగంగా ఉంది’ అని రాస్తే దిద్దాలా?

సమాధానం: మీ పరిశోధనకు భావోద్వేగమే తగిన మాట. విద్యార్థి వాక్యాన్ని మాత్రం తప్పకుండా దిద్దండి. అందులో వ్యాకరణ దోషమేమీ లేదు, కానీ ఆ వాక్యం ఏమీ చెప్పడం లేదు.

కరుణ అసలు పనికిరాదు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఒప్పించే కళ మీద రాసిన ‘రెటరిక్’ రెండో భాగంలో చర్చించిన వాటిలో కోపం, భయం, సిగ్గు, జాలి, అసూయ అన్నీ ఉన్నాయి. జాలి వాటిలో ఒకటి మాత్రమే. పైగా కావ్యనాటకాల గురించిన మన రసచర్చలో కరుణకు స్థాయిభావం (రసానికి మూలమైన భావం) శోకం, వాడుకలోనేమో కరుణంటే దయ. ఇప్పటికే రెండర్థాలు మోస్తున్న మాటకు మూడోది తగిలించడం దేనికి?

ఆవేశానికి పూనడం అనే అర్థం ఉంది. ‘ఆవేశపడకు’ అన్నప్పుడు మనకు వినిపించేది ఒళ్లు తెలియని కోపమే. సిగ్గుకూ జాలికీ అది అతకదు. ఉద్వేగం కొంత నయం. అయితే సంస్కృతంలో దానికి కలత, ఆందోళన అని అర్థం. ఉద్విగ్నత కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. ముందు భావం చేరి (భావ + ఉద్వేగం, గుణసంధి) ఆ అర్థాన్ని విశాలం చేసింది కనుక అదే మేలు. కొందరు రసం అంటారు, అది వద్దు. రౌద్రరసాన్ని ప్రేక్షకుడు ఆస్వాదిస్తాడు. సంపాదకీయం తెప్పించే కోపం పాఠకుడి చేత ఏదో ఒకటి చేయించడానికి. ఈ తేడా చెరిగిపోతే మీ పరిశోధనకు ఆధారమే పోతుంది.

ఇక విద్యార్థి వాక్యం. భావోద్వేగం ఎవరిది? రచయితదా, వ్యాసంలోని మనిషిదా, చదివేవాడిదా? ‘భావోద్వేగంగా ఉంది’ అనగానే ముగ్గురూ కలిసిపోతారు. గ్రంథాలయం మూసివేత మీద ఒక వ్యాసం ఉందనుకుందాం. దాని గురించి ఇలా రాయించండి: ‘పుస్తకం తిరిగిచ్చేందుకు వచ్చి, తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డ పిల్లను చూపించి రచయిత పాఠకుడికి జాలి కలిగించారు. తర్వాతి వాక్యంలో మూసివేత ఉత్తర్వుపై సంతకం ఎవరిదో చెప్పి ఆ జాలిని కోపంగా మార్చారు.’ ఏ భావోద్వేగం, ఎవరిలో, దేనివల్ల అన్న మూడూ తేలాయి. జాలి కోపంగా మారడానికి కారణం ఆ సంతకం. ద్వేషం ఒక వర్గం మొత్తం మీద ఉండవచ్చు గానీ కోపం ఎప్పుడూ ఫలానా మనిషి మీదే ఉంటుందని అరిస్టాటిలే అన్నాడు.

ఇక్కడ క్రియలను జాగ్రత్తగా చూడాలి, ఎక్కువ తప్పులు వాటిలోనే. మనకు కోపం వస్తుంది, భయం వేస్తుంది, జాలి కలుగుతుంది, ఆశ పుడుతుంది. వాక్యంలో అనుభవించేవాడికి ‘కు’ చేరుతుంది. అందుకే ఈ రకం రాతలో పాఠకుణ్ణి మరిచిపోవడం తెలుగులో కష్టం, అది మనకు కలిసొచ్చే విషయం. రచయిత వైపు నుంచి చెప్పాలంటే కోపం తెప్పించాడు, జాలి కలిగించాడు, ఆశ రేపాడు అనాలి. కర్త మనిషైనప్పుడు ‘భయపెట్టాడు’లో బెదిరింపు వినిపిస్తుంది. ఆ ఉద్దేశాన్ని నిరూపించలేనప్పుడు ‘భయం కలిగించాడు’ చాలు.

‘పడు’ చేరిన మాటలన్నీ ఒక్కలా ఉండవు. భయపడటం, జాలిపడటం లోపల జరిగేవి. కోప్పడటం అలా కాదు, ఎదుటివాడిని మందలించడం. కాబట్టి ‘వ్యాసం చదివి పాఠకులు కోప్పడ్డారు’ అని రాస్తే వాళ్లు ఎవరినో కేకలేశారని అర్థం. ‘పాఠకులకు కోపం వచ్చింది’ అనే రాయాలి.

మరొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి. ఈ సందర్భంలో ‘భావోద్వేగ విజ్ఞప్తి’ అనే ప్రయోగం కొత్తగా పాకుతోంది. ఇంగ్లిష్‌లో ఉన్న అప్పీల్‌ను చూసి విజ్ఞప్తి అనుకున్నారు. విజ్ఞప్తి అంటే వేడుకోలు, మనవి. పాఠకుడికి అసూయ పుట్టించి ఒప్పించే రచయిత ఎవరినీ వేడుకోవడం లేదు. ‘భావోద్వేగం ద్వారా ఒప్పించడం’ అనండి. మాట పొడవే, కానీ చదివిన వెంటనే అర్థమవుతుంది.